వరిచేను విడిచిన రాత్రులు

గణపవరంలో హార్మోనియం మాస్టారి ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని నిర్వాహకులు అడిగినప్పుడు రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాను. నాటకరంగ చరిత్ర మీద సాధికారంగా మాట్లాడగల పండితులు మన మధ్య ఉన్నారు. నేను ఆ శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. మాస్టారి హార్మోనియం పెట్టె మోసుకుంటూ ఆయన వెనక నడిచిన పిల్లల్లో ఒకణ్ణి. ఆ ఒక్క అర్హతతో ఇక్కడ నిలబడ్డాను.

మాస్టారు కరపత్రం మీద తన పేరు వేయనిచ్చేవారు కాదు. కృష్ణుడెవరో, కర్ణుడెవరో, ద్రౌపది ఎవరో వరసగా అచ్చయ్యేది. అట్టడుగున ‘హార్మోనియం’ అన్న మాట ఉండేది. దాని పక్కన ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదో పది ఊళ్ళకు తెలుసు. ఆయన అభిమతాన్ని మన్నించి ఈ ఉపన్యాసంలోనూ, దీని అచ్చుప్రతిలోనూ ఆయన్ని మాస్టారు అని మాత్రమే పిలుస్తాను. ఆయన వాయించిన పందిళ్ళన్నీ దాదాపు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోవే. ఆ మాసాల్లోనే ఈ ప్రాంతంలో అంత సంగీతం, అంత నాటకం ఎందుకు పుట్టాయి, ఆ తర్వాత ఎందుకు సన్నగిల్లాయి అన్నదే ఈ పూట నా విషయం.

సినిమా వచ్చి నాటకాన్ని చంపింది, టీవీ వచ్చి హరికథను మింగింది అని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పద్యనాటకం రాత్రి కళ. తొమ్మిది పదింటికి మొదలై తెల్లవారుజామున ముగిసే కళ. ఒక ఊరు మొత్తం ఒక రాత్రంతా మేలుకొని కూర్చోగలిగితేనే అది నిలుస్తుంది. అలా కూర్చోవాలంటే ఆ రాత్రి ఆ ఊరిదై ఉండాలి. గోదావరి డెల్టాలో శరత్కాలపు రాత్రిని ఊరికి వదిలిపెట్టింది వరిచేను. వరి పోయిన చోటల్లా, వరి తీరు మారిన చోటల్లా ఆ రాత్రి ఊరి చేతుల్లోంచి పోయింది. ఈ మాట నిలుస్తుందో లేదో మీరే తేల్చాలి.

తెలుగు కవిత్వానికీ శరద్రాత్రికీ ఉన్న బంధం ఈ గోదావరి తీరంలోనే మొదలైంది. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో భారతాన్ని తెనిగించిన నన్నయ, ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో శరద్రాత్రుల వర్ణన చేసిన పద్యంతో తన కలం ఆపాడు. ఎందుకు ఆగిందన్నదాని మీద పండితులు ఎన్నో ఊహలు చేశారు. నా మనసును పట్టుకున్నది ఆగిన చోటు. ఆదికవి చివరిసారిగా చూసింది వాన కడిగిన ఆకాశం కింద వెన్నెల రాత్రిని. ఆశ్వయుజ పున్నమికి కోజాగరి అని పేరు. ఆ రాత్రి మేలుకొని ఉన్నదెవరని లక్ష్మీదేవి అడుగుతూ తిరుగుతుందని నమ్మకం. జాగారం శివరాత్రికే కాదు, శరత్తుకూ ఉంది.

ఇక పొలం లెక్కకు వద్దాం. మన సార్వా వరి జూన్‌లో కాలవకు నీళ్ళు వదలడంతో మొదలవుతుంది. నారుమడి, దమ్ము, ఊడ్పు. ఆషాఢం, శ్రావణం గడిచేదాకా ఇంటిల్లిపాదికీ నడుం వాల్చే తీరిక లేదు. భాద్రపదానికి కలుపు అవుతుంది. హస్త, చిత్త కార్తెల నాటికి చేను పొట్ట మీద ఉంటుంది. మడిలో నీరు నిలబడి ఉంటే చాలు, చేను తన పని తాను చేసుకుంటుంది. రైతు సాయంత్రం గట్టు మీద ఒక చుట్టు తిరిగి రావడమే మిగిలింది. కోతలు కార్తీకం చివర, మార్గశిరంలో. అంటే కలుపుకూ కోతకూ నడుమ దాదాపు రెండు నెలల జాగా. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం కూడా దాదాపు అయిదు నెలల పంటే. ఆ అయిదు నెలల నడిబొడ్డునే దసరా కూర్చుంది. వరి రాత్రి కాపలా అడగదని కాదు. వంతు నీటికోసం లాంతరు పట్టుకొని గట్ల మీద గడిపిన రాత్రులు మా నాన్నగారికి ఎన్నో ఉన్నాయి. కుప్ప నూర్చేటప్పుడు కళ్ళంలోనే పడుకునేవారు. కానీ అవి శరత్తులో కాదు.

అప్పట్లో కొల్లేరు కూడా ఇదే ధర్మం పాటించింది. సరస్సులో సాయంత్రం చేపలకు మావులు పెట్టినవారు తెల్లవారి వెళ్ళి తీసుకునేవారు. నడుమ రాత్రి వారిది. లంకగ్రామాల నుంచి తాటిదోనెల మీద ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి నడిచి, మా ఊరి పందిరికి వచ్చిన కుటుంబాలు నాకు గుర్తున్నాయి. వారు వచ్చేసరికి తొలి సీను అయిపోయేది. ఆ సంగతి తెలిసి మాస్టారు ప్రార్థన పద్యాల దగ్గర కాస్త జాగు చేసేవారు.

ఈ తీరిక అనాదిగా ఉన్నది కాదు. ఆనకట్టకు ముందు ఈ నేల ఒక ఏడు వరదకు, ఒక ఏడు కరువుకు లోబడి బతికింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు పారాయి. పంట నమ్మకమైంది. నమ్మకమైన పంట ఉన్నచోటే నమ్మకమైన తీరిక ఉంటుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తిరగకుండానే, 1880లో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. ఆ రోజుల్లోనే ధార్వాడ నాటక సమాజం వచ్చి మనవారికి తెర, రంగు, పాట అన్నీ కలిసిన కొత్త రంగస్థలాన్ని చూపించింది. 1885లో కడప సీమలో పుట్టిన సురభి కుటుంబాలు తర్వాతి కాలంలో గోదావరి జిల్లాల్లోనూ మకాం వేశాయి. 1893లో బెజవాడ నుంచి ఇటు రైలు నడిచింది. తాడేపల్లిగూడెంలో దిగితే అక్కడి నుంచి బండి, పడవ. ఏలూరు కాలవ గోదావరినీ కృష్ణనూ కలిపింది. నీరు పారే దారినే తెరలూ, రంగుపెట్టెలూ, కిరీటాలూ ఊళ్ళలోకి వచ్చాయి.

రాసినవారు ఎక్కడివారో చూడండి. ‘గయోపాఖ్యానం’ రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867లో ఖండవల్లిలో పుట్టారు. ఆయన నాటకాల్లో కుర్రతనంలో వేషాలు కట్టినవారిలో టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒకరు. ‘చింతామణి’, ‘వరవిక్రయం’ రాసిన కాళ్ళకూరి నారాయణరావు గారిది భీమవరం దగ్గరి మత్స్యపురి. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1872లో పుట్టింది మనకు కూతవేటు దూరంలో ఉన్న యండగండిలో. పడకసీను, రాయబారం తెలుగునాట ఇంటింటికీ చేర్చిన పాండవోద్యోగ, పాండవ విజయాల్లో సగం చెయ్యి ఈ మట్టిదే. ఒకే కాలవల కింద, ఒకే తరంలో ఇందరు నాటకకర్తలు పుట్టడం కాకతాళీయమని నేను ఒప్పుకోలేను. నీరు వచ్చింది, వడ్లు వచ్చాయి, వడ్లు అమ్మిన డబ్బుతో పిల్లలు బందరు, రాజమండ్రి వెళ్ళి చదువుకున్నారు, సెలవులకు ఊరికి వస్తూ ఒక పుస్తకం తెచ్చారు. ఊరికి రాత్రులు ఖాళీగా ఉన్నాయి.

ఆ రాత్రి నాటకానికి రూపాన్ని కూడా ఇచ్చింది. ఈ విషయం దగ్గర కొంచెంసేపు ఆగుతాను. పద్యానికి అంత రాగం ఎందుకు తీస్తారని పట్టణాల నుంచి వచ్చిన విమర్శకులు అడిగేవారు. నాలుగు పాదాల పద్యం చదవడానికి అర నిమిషం పట్టదు. రంగస్థలం మీద అదే పద్యం ఆలాపనతో కలిసి అయిదు నిమిషాలు, వన్స్‌మోర్ పడితే పది నిమిషాలు. కథ అందరికీ తెలిసిందే. కృష్ణుడు రాయబారానికి వెళతాడు, సంధి పొసగదు. తెలిసిన కథను తెల్లవారేదాకా వినాలంటే వినవలసింది కథను కాదు, కథ లోపలున్న మాటను, ఆ మాట లోపలున్న స్వరాన్ని. ఆ రాగం తీయడానికి రాత్రి చోటిచ్చింది. సంధ్యారాగాలతో మొదలైన పాట, మోహనా కల్యాణి కాంభోజిలను దాటి, చుక్క పొడిచే వేళకు కాటిసీనులో హరిశ్చంద్రుడి గొంతులో శోకంగా మారేదాకా ఒక ప్రయాణం ఉండేది. ఆ ప్రయాణాన్ని నడిపినవాడు హార్మోనిస్టు. నటుడి శ్రుతిని పట్టుకున్నవాడూ, మరిచిన పద్యాన్ని రెండు స్వరాల్లో గుర్తుచేసినవాడూ, వాన చినుకు పడితే సీనును కుదించినవాడూ ఆయనే.

మాస్టారు ఊడ్పులు కాగానే మా ఊరు వచ్చేవారు. దేవాలయం పక్క సావడిలో రిహార్సల్. కర్ణుడి వేషం వేసేది పొలం నుంచి వచ్చిన రైతు, శకుని వేషం వేసేది కిరాణా కొట్టు యజమాని. అక్షరం రానివారికి పద్యాలు నోటితోనే నేర్పేవారు. ఒత్తు పలకని నాలుకకు ఒత్తు పలికించడానికి నెల రోజులు పట్టినా విసుగు చూపేవారు కాదు. నన్నయ తిక్కనల తర్వాత మా ఊళ్ళో వ్యాకరణం నేర్పింది ఆయనే. భాద్రపదం నేర్చుకోవడానికి, ఆశ్వయుజం ఆడటానికి. అదీ పొలం లెక్కే.

ఆ రోజుల్లో దసరా పందిరి నాటకం ఒక్కదానిదే కాదు. పగలు బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు అతికించిన విల్లంబులు, నోట్లో దసరా పాటలు, ఒళ్ళో పప్పుబెల్లాలు. అమ్మవారి పూజకు డోలు సన్నాయి. తొమ్మిది రాత్రుల్లో ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి బుర్రకథ, ఒక రాత్రి భజన, చివరకు నాటకం. ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరంలో నిలబెట్టిన హరికథ సంప్రదాయం ఈ డెల్టాలో ఊరికొక భాగవతార్‌ను తయారుచేసింది. ఒక్క మనిషి, రెండు చిడతలు, ఒక గజ్జెల జత. మూడు గంటల్లో రుక్మిణీ కల్యాణం మొత్తం కళ్ళకు కట్టేది. అట్లతద్దినాడు తెల్లవారకముందే ఆడపిల్లలు లేచి ఉయ్యాలల దగ్గర పాడుకునేవారు. కార్తీకం రాగానే శివాలయంలో పురాణ కాలక్షేపం. గునుపూడి సోమేశ్వరుడికీ, పాలకొల్లు క్షీరారామానికీ సోమవారాలు సాగిపోయే జనం దారిపొడుగునా భజన చేసేవారు. ఇవన్నీ కలిసి ఒకే పాట అనిపించేది నాకు. సందు లేకుండా నలభై రోజులపాటు సాగిన పాట.

ఇక్కడ ఒక నిజం చెప్పకుండా ముందుకు పోతే మాస్టారికి ద్రోహం చేసినట్టే. ఆ తీరిక అందరిదీ ఒకలాంటిది కాదు. ఊడ్పుకూ కోతకూ నడుమ రైతుకు ఉన్నది విశ్రాంతి. కూలికి ఉన్నది పని లేకపోవడం. ఆశ్వయుజంలో భూమి ఉన్న ఇంట కొత్తబట్టలు, భూమి లేని ఇంట అప్పుచీటీలు. పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ బల్ల మీద రాయలేదు, కానీ ఎవరూ తప్పి కూర్చోలేదు. పేటల నుంచి వచ్చినవారు వెలుగు ఆఖరున, చీకటి మొదలయ్యేచోట నిలబడేవారు. ఆడవారు వంటిల్లు సర్ది వచ్చేసరికి సగం రాత్రి గడిచేది. అయినా ఒక్క విషయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు చేర్చి పాడటం రంగస్థలానికి ఆచారమైంది. తెల్లవారుజామున పందిరి అంతా కంటనీరు పెట్టుకొని విన్నది ఒక దళిత కవి వాక్కును. ఆ వాక్కు పుట్టిన వాడలవారు అదే క్షణంలో అదే పందిట్లో వెలుగు ఆఖరున నిలబడి ఉన్నారు.

ఈ వైరుధ్యాన్ని చూసినవారు ఆ రాత్రిని మరో పనికి వాడుకున్నారు. డాక్టర్ గరికపాటి రాజారావు గారి చొరవతో 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఊళ్ళ మీదికి వచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల ‘మాభూమి’ నాటకాన్ని దళాలు ఊరూరా ఆడాయి. ప్రభుత్వం దాన్ని నిషేధించేదాకా పోయింది. షేక్ నాజర్ గారు బుర్రకథకు కొత్త ప్రాణం పోశారు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం. ఆ రాజకీయం చెప్పేవాడి నోట కూలిరేట్లు, పాలేర్ల జీతాలు, వడ్డీలు వచ్చాయి. కోనసీమ నుంచి వచ్చిన బోయి భీమన్న గారి ‘పాలేరు’ నాటకం చదువుకొని పైకి వచ్చే పాలేరు కుర్రవాణ్ణి నాయకుణ్ణి చేసింది. అదే పందిరి, అదే పెట్రోమాక్సు దీపం, అదే హార్మోనియం. చీకటి మొదలయ్యేచోట నిలబడినవారు ఆ రాత్రి నడిమికి వచ్చారు.

ఇప్పుడు సినిమా సంగతి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దానిలో వేషాలు కట్టింది సురభి నటులు. ఏలూరు వేదికల మీద పేరు తెచ్చుకున్న పసుపులేటి కన్నాంబ గారు 1935లో వెండితెర మీద చంద్రమతి అయ్యారు. హరికథ, సంగీతం ఉన్న ఇంట పుట్టి, స్టేజీ మీద ఆడవేషాలు వేసిన రేలంగి వెంకట్రామయ్య గారు సినిమాల్లో సంపాదించిన దానితో తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టారు. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య గారూ నాటకం నుంచే వెళ్ళారు. సినిమా నాటకాన్ని చంపేదే అయితే 1940ల్లోనే పందిళ్ళు ఖాళీ కావాలి. కాలేదు. 1950, 60 దశకాల్లో పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడి కోసం, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడి కోసం, ఆ తర్వాత చీమకుర్తి నాగేశ్వరరావు గారి హరిశ్చంద్రుడి కోసం బండ్లు కట్టుకొని వచ్చిన జనాన్ని నేను కళ్ళారా చూశాను. సినిమా హాలు ఉన్న ఊళ్ళోనే, సినిమా వదిలాక, రెండో ఆట చూసినవారు కూడా వచ్చి పందిట్లో కూర్చునేవారు. సినిమాకు మూడు గంటలు చాలు. రాత్రి ఇంకా మిగిలే ఉండేది.

నాటకానికి లోపలి నుంచి వచ్చిన జబ్బు లేదని అనను. కాంట్రాక్టరు బయానా ఇచ్చి పేరున్న నటులను ఒక్కరాత్రికి కుదర్చడం మొదలైంది. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఒకే నాటకంలో సీనుకు ఒకరు. రిహార్సల్ లేదు, సాయంత్రం రైలు దిగి, మొహానికి రంగు వేసుకొని, ఎదుటి నటుణ్ణి స్టేజీ మీదే మొదటిసారి చూసేవారు. రాత్రిని నింపడానికి మూలంలో లేని హాస్యం చేరింది. కాళ్ళకూరి వారు వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి రాసిన ‘చింతామణి’ ఈ చేర్పుల బరువుకే వంగిపోయింది. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు నేను బాధపడ్డాను. ఒక వర్గం వారి మనసు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. అయితే శిక్ష పడింది ఆ చేర్పులకు కాదు, రచయితకు. ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ ప్రభాత్ థియేటర్‌ను నడిపిన బందా కనకలింగేశ్వరరావు గారి వంటివారు ఈ జబ్బుకు మందు తెలిసినవారు. కట్టుదిట్టమైన సాధనే ఆ మందు. కూచిపూడి పునరుద్ధరణకు ఆయన చేసిన కృషి అందరికీ తెలిసిందే.

జబ్బు ఉన్నా మనిషి బతికే ఉన్నాడు. ఊపిరి ఆగింది మరోచోట. మొదట దాళ్వా వచ్చింది. రెండో పంటకు డిసెంబరులోనే నారు పోయాలంటే కార్తీకంలోనే కోత తొందర మొదలవుతుంది. నలభై రోజుల పాటలో ఆఖరి పదిహేను రోజులు అలా కరిగిపోయాయి. అది చిన్న నష్టం. పెద్ద మార్పు చెరువులతో వచ్చింది. 1970ల మధ్య నుంచి కొల్లేరులో సహకార సంఘాల పేర చేపల చెరువులు తవ్వారు. ఆ తర్వాతి పదేళ్ళలో ప్రైవేటు గట్లు లేచాయి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ప్రభుత్వం సరస్సులోని గట్లు తెంచింది. అప్పటికే చెరువు సరస్సు దాటి వరిపొలాల్లోకి వచ్చేసింది. బొచ్చె, శీలావతి వచ్చాయి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చింది.

చెరువు ధర్మం వరి ధర్మానికి తలకిందులు. పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును విడుస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, అవే చేపలు ఆ వాయువును పీల్చుకుంటాయి. తెల్లవారుజాము నాలుగు గంటలకు నీటిలో దాని మోతాదు బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజు మరీ ప్రమాదం; పగలు తయారైందే తక్కువ. ఆశ్వయుజ కార్తీకాలు మనకు మబ్బుల రోజులు, వాయుగుండాల రోజులు. ఆ రాత్రి రైతు గట్టు మీద ఉండాలి. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే జనరేటరు అందుకుందో లేదో, చేప తేలుతోందో లేదో చూసుకోవాలి. ఒక్క రాత్రి కునుకు తీస్తే ఏడాది పెట్టుబడి తెల్లవారేసరికి తెల్లగా తేలుతుంది. హరిశ్చంద్రుడు కాటికి చేరే వేళ, రాయబారం తెగే వేళ, మాస్టారి వేళ్ళు నిజంగా పాడటం మొదలుపెట్టే వేళ ఏదో, చెరువు మనిషిని పిలిచే వేళ కూడా అదే.

నేను చెరువులను నిందించడానికి రాలేదు. వరి గిట్టక అప్పులపాలైన ఇళ్ళను చెరువు నిలబెట్టిన సంగతి నాకు తెలుసు. మా దాయాదుల ఇళ్ళలోనే చూశాను. చెరువు తెచ్చిన డబ్బుతో కట్టిన కల్యాణమండపాల్లోనే ఇవాళ సంగీత కచేరీలు జరుగుతున్నాయి. నేను చెప్పేది ఒక్కటే. నాటకం నుంచి జనం లేచిపోయారని మనం అన్నాం. వారు లేచి ఎక్కడికి వెళ్ళారో చూడలేదు. అభిరుచి లేక వెళ్ళలేదు. గట్టు మీదికి వెళ్ళారు.

రాత్రి పోయిన చోట సాయంత్రం కళ పుట్టడం కూడా మనం చూశాం. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నుంచి, 1998లో మొదలైన నంది నాటకోత్సవాల దాకా పట్టణ రంగస్థలం క్రమంగా గంట నిడివి నాటికవైపు జరిగింది. ఆడేవారు బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, రైల్వేవారు. చూసేవారూ వారే. సాయంత్రం ఆరుకు మొదలై పదింటికి ఇంటికి చేరాలి, ఉదయం సంతకం పెట్టాలి. ఆ నాటికల్లో గొప్పవి ఉన్నాయి. అవి ఉద్యోగి గడియారానికి పుట్టిన బిడ్డలు. పద్యనాటకం వరి గడియారానికి పుట్టింది. చింతలపాటి వరప్రసాద మూర్తిరాజు గారి పేరు మోస్తున్న మన డిగ్రీ కళాశాలలో పిల్లలు వార్షికోత్సవానికి పడకసీను ఒక్కటే ముప్పావుగంటలో ఆడితే చూశాను. ఆ పిల్లల గొంతుల్లో తడబాటు లేదు, భక్తి ఉంది. ముప్పావుగంటకు సరిపడా రాగం ఎంతో వారికి చెప్పే మాస్టారే లేరు.

మాస్టారు చివరిసారి మా ఊరి పందిట్లో వాయించిన రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. అప్పటికి ఊరి భూమిలో సగానికి పైగా చెరువులయ్యాయి. దసరాకు నాటకం వద్దు, ఆర్కెస్ట్రా పెట్టుకుందామని కమిటీలో మాట వచ్చింది. మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. నాటకానికి రెండు రోజుల ముందు సైకిలు మీద చెరువుల గట్లన్నీ తిరిగారు. ప్రతి మకాం దగ్గరా ఆగి, కాపలా ఉండేది ఎవరు, ఎన్నింటికి గట్టు మీద ఉండాలి అని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. ఎందుకని నేను అడిగితే తలెత్తలేదు.

ఆ రాత్రి నాటకం కథ వరస తప్పింది. రాయబారం ముందు వచ్చింది, పడకసీను తర్వాత వచ్చింది. కృష్ణుడి వేషధారి తెర వెనక కోపగించుకున్నాడు. సంధి చెడిన తర్వాత కృష్ణుడు పడుకోవడమేమిటని పెద్దలు గుసగుసలాడారు. మాస్టారు తల వంచుకొని వాయించారు. పన్నెండున్నరకు పందిట్లో ముప్పై నలభై టార్చిలైట్లు ఒకేసారి వెలిగాయి. చెరువుల వాళ్ళు లేచారు. అప్పటికి రాయబారం పూర్తయింది.

ఆ చిన్న పుస్తకాన్ని మాస్టారి అబ్బాయి ఈ సభ కోసం నాకు ఇచ్చారు. ఆ రాత్రి పేజీలో ఎడమవైపు సీన్ల పేర్లు, కుడివైపు గంటలు ఉన్నాయి. రాయబారం ఎదురుగా ‘10 – 12.30’ అని రాసి, కింద పెన్సిలుతో గట్టు మీది మనుషుల పేర్లు వరసగా రాసుకున్నారు. ముప్పై ఏడు పేర్లు.